గిర్నీ పక్కన నిలబడి పాడినట్టుండే పాటలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్ 6.10

అందరికీ నమస్తే. ఈ ఫోరంలో ఏడాదిగా అందరి పోస్టులూ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పని చేస్తాను. పొద్దున 6.10కి మియాపూర్‌లో కంపెనీ బస్సు ఎక్కాలి. మూడు వారాల కింద పక్క సీటు అమ్మాయి తన ఇయర్‌ఫోన్ ఒకటి తీసి నా చెవిలో పెట్టి "ఇది విను" అంది. ముందు ఉట్టి డ్రమ్ము. ధమ్, ధధమ్, ఠాప్. ఏ తొందరా లేకుండా, ఎవరో తలుపు తట్టి ఆగినట్టు. తర్వాత గిటార్ అందుకుంది, అంతే, బర్ర్‌మని ఒకటే మోత. వైరు పోయిందనుకుని జాక్ దగ్గర పట్టుకుని రెండుసార్లు తిప్పాను. "వైరు బానే ఉంది, పాటే అట్లుంటది" అంది తను.

అది ది జీసస్ అండ్ మేరీ చెయిన్ వాళ్ల పాట. జస్ట్ లైక్ హనీ. 1985లో వచ్చిన సైకోక్యాండీ అనే ఆల్బంలో మొదటి పాట. ఆ రోజు సాయంత్రం తిరుగు బస్సులో మళ్లీ విన్నాను. మర్నాడు మొత్తం ఆల్బం విన్నాను. ఇప్పుడు రోజూ వింటున్నాను.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ మోత కింద ఉన్న రాగం చాలా మెత్తటిది. ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుని నిలబడినప్పుడు నా అంతట నేనే కూనిరాగం తీస్తుంటే అది జోలపాటలా ఉంటుంది. అంత మంచి పాట కట్టుకుని, దాని మీద అంత చప్పుడు ఎందుకు పోశారు? కానీ చప్పుడు లేకుండా ఊహించుకుంటే నాకు అంత నచ్చదు. ఇదే నన్ను పట్టి లాగుతోంది.

ఇంట్లో స్పీకర్‌లో పెడితే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవరో గిర్నీ పక్కన నిలబడి పాడుతున్నట్టుందే" అంది. అమ్మ ఘంటసాల పాటలు వింటుంది, ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి ఆమెకి. నాకు మాత్రం ఆమె మాట విన్నాక ఇంకా నచ్చింది.

నా ప్రశ్నలు: ఇలాంటి సంగీతంలో తర్వాత ఏం వినాలి? వినడానికి వరుస ఏమైనా ఉందా? యాప్ చూపించేవి విన్నాను కానీ, ఒకటి విన్నాక అలాంటివే ఇంకో పది వస్తున్నాయి, ఏది ఎందుకు ముఖ్యమో తెలియడం లేదు. మనుషులు చెప్తే వినాలనుంది.

దక్షిణ ద్వీపం

మీ అమ్మగారు చాలా సరిగ్గా విన్నారండీ. నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను, ఇంత బాగా చెప్పిన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

మాది భీమవరం. 2004లో చదువు కోసం న్యూజిలాండ్‌లోని డునెడిన్ వచ్చాను. దేశానికి దక్షిణపు కొసకు దగ్గరగా ఉండే ఊరు, స్కాట్లాండ్ వాళ్లు వచ్చి కట్టుకున్నది. యూనివర్సిటీ ఊరు కాబట్టి ఎటు చూసినా విద్యార్థులు అద్దెకుండే పాత చెక్క ఇళ్లు. జూన్, జులైలో ఆ ఇళ్లలో గది లోపల కూడా నోట్లోంచి ఆవిరి వచ్చేది. నేను రాత్రిళ్లు ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగేవాణ్ణి. అక్కడి వంటాయన స్టవ్ పైన అరలో నూనె జిడ్డు పట్టిన టేప్ రికార్డర్ ఒకటి పెట్టుకునేవాడు. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్, నా పక్కన గిన్నెలు కడిగే మెషీన్, ఆ రెండింటి హోరులో ఒక బుల్లి ఆర్గాన్ ముక్క వినపడేది. చిన్నపిల్లల బొమ్మ ఆర్గాన్‌లా, గెంతుతూ. మాటలు ఒక్కటీ తెలిసేవి కావు. వారం రోజులకి ఆ ఆర్గాన్ ముక్క ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం మొదలైంది నాకు.

అది ది క్లీన్ అనే ఆ ఊరి బ్యాండు. పాట టాలీ హో. 1981లో యాభై న్యూజిలాండ్ డాలర్ల ఖర్చుతో రికార్డ్ చేశారు. దాన్ని విడుదల చేసిన ఫ్లయింగ్ నన్ అనే కంపెనీని ఆ ఏడాదే క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల షాపు నడిపే రోజర్ షెపర్డ్ మొదలుపెట్టాడు. యాభై డాలర్ల పాట దేశం మొత్తం చార్టులో 19వ స్థానానికి వెళ్లింది. ఆ ఏడాది చివర్లోనే బూడుల్ బూడుల్ బూడుల్ అని ఐదు పాటల రికార్డు వేస్తే అది మొదటి ఐదింటిలోకి వెళ్లింది. దాన్ని స్టూడియోలో కూడా చేయలేదు. క్రిస్ నాక్స్ అనే మరో సంగీతకారుడి దగ్గర నాలుగు ట్రాకుల టేప్ రికార్డర్ ఉండేది, దాని మీదే ఆక్లాండ్‌లో చేశారు.

ఈ నాలుగు ట్రాకుల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది. అలాంటి మెషీన్‌లో ఒకదాని పక్కన ఒకటి నాలుగు వరసలే రికార్డ్ అవుతాయి. డ్రమ్స్, బేస్, గిటార్, గొంతు. అయిపోయింది. ఐదోది కావాలంటే ముందు చేసిన రెండు మూడింటిని కలిపి ఒక్క వరసలోకి దించి, ఖాళీ అయిన చోట కొత్తది చేర్చాలి. అలా దించిన ప్రతిసారీ టేపు హిస్, అంటే సన్నటి బుస చప్పుడు, కొంత పేరుకుంటుంది, డ్రమ్ము అంచు కొంత మొద్దుబారుతుంది. ఒకసారి కలిపాక మళ్లీ విడదీయలేరు. అందుకని ఆ పాటల్లో వినపడే బరక అంతా ఎవరో కోరి పెట్టింది కాదు. డబ్బు లేక, చేతిలో ఉన్నదాంతో, అయినా ఇప్పుడే చేసేయాలన్న తహతహతో వచ్చింది. అది వింటుంటే గదిలో ముగ్గురు కుర్రాళ్లు కనపడతారు నాకు.

మీ జీసస్ అండ్ మేరీ చెయిన్ కథ కూడా ఇలాగే మొదలవుతుంది కానీ వేరే దారి పట్టింది. గ్లాస్గో పక్కన ఈస్ట్ కిల్‌బ్రైడ్ అని, యుద్ధం తర్వాత ప్లాన్ గీసి కట్టిన కొత్త ఊరు. అక్కడ రీడ్ సోదరులు, జిమ్, విలియం, ఏళ్ల తరబడి పని లేకుండా ఇంట్లో ఉన్నారు. నాన్నకి ఫ్యాక్టరీ ఉద్యోగం పోయినప్పుడు చేతికొచ్చిన డబ్బులోంచి మూడొందల పౌండ్లు వీళ్లకిచ్చాడు. దాంతో క్యాసెట్ మీద రికార్డ్ చేసుకునే చిన్న మెషీన్ కొన్నారు. ఒక ఉద్యోగం పోయిన ఇంట్లో మూడొందల పౌండ్లంటే ఏమిటో మనకి తెలుసు. నేను ఆ సంగతి తెలిశాక సైకోక్యాండీని ఇంకోలా వింటున్నాను.

వాళ్లకి 1960ల నాటి అమెరికన్ అమ్మాయిల గ్రూపుల పాటలంటే ప్రాణం. మీరు రాసిన ధమ్ ధధమ్ ఠాప్ ఉంది చూశారూ, అది 1963లో రోనెట్స్ పాడిన బీ మై బేబీ మొదట్లో వచ్చే డ్రమ్మే. ఇరవై రెండేళ్ల తర్వాత దాన్ని తెచ్చి తమ పాటకి గుమ్మంలా పెట్టుకున్నారు. ఆ ఆల్బం డ్రమ్మర్ బాబీ గిలెస్పీ స్టేజీ మీద రెండే డ్రమ్ములు పెట్టుకుని, నిలబడి వాయించేవాడు. బేస్ వాయించే డగ్లస్ హార్ట్ గిటార్‌కి రెండే తీగలు. అంత తక్కువతో పాట నిలబెట్టి, దాని మీద ఫజ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని బరకగా మార్చే, కాలితో నొక్కే పెట్టె), ఆంప్లిఫయర్ ముందు గిటార్ పెడితే వచ్చే కీచుమనే ఫీడ్‌బ్యాక్, ఇవన్నీ కావాలని, లెక్క చూసుకుని పోశారు. ఎందుకు పోశారంటే నాకు తోచింది చెప్తాను. అంత మెత్తటి రాగం అలాగే ఉత్తగా వదిలేస్తే పది మందిలో ఒకటిగా జారిపోతుంది. మోత అడ్డం ఉన్నప్పుడు మీరు చెవి రిక్కించి దాని దగ్గరికి వెళ్లాలి. వెళ్లారు కాబట్టే అది మీదైంది. గిర్నీ దగ్గర పక్కవాళ్ల మాట వినాలంటే దగ్గరికి జరిగి, మొహం చూస్తూ వింటాం కదా. అదే ఇది.

ఇక ఏం వినాలి అన్నదానికి నా దగ్గర పెద్ద జాబితా లేదు. యో లా టెంగో అని న్యూజెర్సీలో హోబోకెన్ ఊరి బ్యాండు ఉంది. ఐరా కాప్లన్, జార్జియా హబ్లీ అనే భార్యాభర్తలు 1984లో మొదలుపెట్టారు, తర్వాత జేమ్స్ మెక్‌న్యూ వచ్చి చేరాడు. 1993 నాటి వాళ్ల పెయిన్‌ఫుల్ ఆల్బం తీసుకోండి. అందులో బిగ్ డే కమింగ్ అనే పాట రెండుసార్లు ఉంటుంది. మొదట్లో ఆర్గాన్ పట్టుకుని, దాదాపు గుసగుసలా, ఏడు నిమిషాలు. చివరికొచ్చేసరికి అదే పాట గిటార్ల హోరులో, వేగంగా. ముందు మొదటిది వినండి. వెంటనే రెండోది. ఆల్బం మొత్తం తర్వాత వినొచ్చు. మీరు అడిగిన "చప్పుడు లేకుంటే ఎలా ఉంటుంది" అన్నదాన్ని వాళ్లే చేసి చూపించారు.

ఆ తర్వాత ది క్లీన్. ఇంట్లో స్పీకర్‌లోనే వినండి, గిన్నెలు కడుగుతూ వింటే మరీ మంచిది.

మై బ్లడీ వాలెంటైన్ అనే బ్యాండు వాళ్ల లవ్‌లెస్ ఆల్బం మాత్రం ఇప్పుడే పట్టుకోకండి. అందరూ ముందు అదే చెప్తారు. ఆరు నెలలు ఆగండి.

జనగామ మర

నేను మాట్లాడకుండా ఉండలేను, మా నాన్నది నిజంగానే గిర్నీ. ముప్పై ఏళ్లు నడిపాడు. మర ఆడుతుండగానే వరుసలో ఉన్న ఆడవాళ్లు ఇంటి కష్టసుఖాలన్నీ చెప్పుకునేవాళ్లు, ఒక్కరూ గొంతు చించుకోవడం నేను చూడలేదు. మోత ఒకే తీరుగా ఉంటే చెవి దాన్ని పక్కకి పెట్టేస్తుంది. నాన్న ఆ హోరులోనే బెల్టు కొద్దిగా జారినా తల తిప్పి చూసేవాడు. మేము చూస్తే అంతా ఒకటే చప్పుడు.

నాకు ఆ చప్పుడు దొరికింది హస్కర్ డూ అనే బ్యాండులో. అమెరికాలో మినియాపొలిస్ ఊరు, ముగ్గురే మనుషులు. 1984లో రెండు ఎల్పీల ఆల్బం జెన్ ఆర్కేడ్ చేశారు. రికార్డింగ్, మిక్సింగ్ అంతా కలిపి 85 గంటలు, ఖర్చు 3,200 డాలర్లు. దాదాపు అన్నీ మొదటి టేకులే. బాబ్ మోల్డ్ గిటార్ ఆగదు, మొదలైతే పిండి పడుతూనే ఉంటుంది. దాని మీద పాడే రాగాలు మాత్రం చక్కగా గుర్తుండిపోతాయి. ఇది సైకోక్యాండీ అంత తీపి కాదు, కోపం ఎక్కువ. బస్సులో వద్దు, ఇంటికొచ్చి ఒంటరిగా ఉన్నప్పుడు వినండి అక్కా.

నాలుగో తీగ

దక్షిణ ద్వీపం గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటాను, లవ్‌లెస్ ఆపమన్నది తప్ప.

నేను కాకినాడలో పిల్లలకి వయొలిన్ నేర్పుతాను. కర్ణాటక సంగీతమే. నా దగ్గర నేర్చుకునే ఇంటర్ కుర్రాడు ఒకడు ఆ ఆల్బం తెచ్చి వినిపించాడు, "టీచర్, ఇది గమకమా కాదా చెప్పండి" అని. మొదటి పాట వినేసరికి నాకు కళ్లు తిరిగినట్టయింది. కూర్చుని రెండోసారి విన్నాను, తర్వాత ఆ గిటార్ ఎలా వాయిస్తారో వీడియోలు చూశాను.

ఆ బ్యాండులో కెవిన్ షీల్డ్స్ గిటార్‌కి బ్రిడ్జి దగ్గర ఒక ఇనుప కాడ ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలు వదులవుతాయి, లాగితే బిగుస్తాయి. మామూలుగా దాన్ని ఎక్కడో ఒకచోట వాడతారు. ఆయన మీటే చేతిలోనే ఆ కాడ కూడా పట్టుకుని, మీటినంతసేపూ ఊపుతూ ఉంటాడు. అందుకని ప్రతి దెబ్బకీ తీగలన్నీ కలిసి కొంచెం కిందికి దిగి పైకి వస్తాయి.

ఆ కుర్రాడికి నేను ఇచ్చిన జవాబు: గమకం కాదు. గమకంలో తంబూరా కదలదు. షడ్జం, పంచమం గోడల్లా నిలబడి ఉంటాయి, వాటి మధ్య ఒక్క స్వరం ఊగుతుంది, ఎంత ఊగిందో ఆ గోడల్ని బట్టి తెలుస్తుంది. ఇక్కడ తంబూరాయే ఊగుతోంది. కాలి కింద నేల కదులుతుంటే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు దేన్ని పట్టుకోవాలి? నేను గొంతుని పట్టుకున్నాను. బిలిండా బుచర్ గొంతు ముందుకి రాదు, గిటార్ల మధ్యలోనే ఎక్కడో పడుకుని ఉంటుంది. కానీ అది నిలకడగా, ఏ ఆర్భాటం లేకుండా సాగుతుంది. మూడోసారి వింటున్నప్పుడు ఆ గొంతుని వదలకుండా వెళ్లాను. అప్పుడు చుట్టూ ఊగేదంతా భయం కలిగించలేదు, ఉయ్యాల్లా ఉంది. 1991లో వచ్చిన ఆ ఆల్బం కోసం రెండేళ్లకు పైగా, ఎన్నో స్టూడియోలు మారుతూ పని చేశారట. ఆ శ్రద్ధ వినపడుతుంది. కీర్తనల్లో సంగతుల మీద పని చేసేవాళ్లకి ఆ శ్రద్ధ తెలుస్తుంది.

కాబట్టి అమ్మా, ఆరు నెలలు ఆగక్కర్లేదు. చిన్నప్పటినుంచి రాగం వింటూ పెరిగిన చెవి ఇది. ఒక్క పాట చాలు, ఆ గొంతుని పట్టుకుని వినండి.

చెవి పరీక్ష

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేస్తాను, సికింద్రాబాద్. సంగీతం గురించి కాదు, చెవి గురించి రెండు మాటలు. ఇలాంటి పాటల్లో మోత రికార్డింగ్‌లోనే ఉంటుంది. గిటార్ శబ్దం ఆకారాన్నే పెడల్ చిదిపేస్తుంది, అందుకే వాల్యూమ్ సగానికి తగ్గించినా ఆ బర్ర్ అలాగే వినపడుతుంది. మోత తెలియడానికి వాల్యూమ్ పెంచనక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. వాల్యూమ్ ఆ 80 దాటేకొద్దీ ఆ గంటలు చాలా త్వరగా తగ్గిపోతాయి. కంపెనీ బస్సులో ఇంజన్ చప్పుడుని మించి వినాలని అందరూ వాల్యూమ్ పెంచేస్తారు, నా దగ్గరికి చెవిలో హోరుతో వచ్చే పాతికేళ్ల పిల్లల్లో చాలామంది కథ అదే. చెవిలోపలికి బిగుతుగా కూర్చునే ఇయర్‌ఫోన్ కొనుక్కోండి, బయటి చప్పుడు ఆగితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది. పైన చెప్పిన మై బ్లడీ వాలెంటైన్ వాళ్లే 2008లో కచేరీలకి వచ్చినవాళ్లకి ఇయర్‌ప్లగ్‌లు పంచారు.

మియాపూర్ 6.10

ఒక్క ప్రశ్నకి ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అందరివీ రెండేసి సార్లు చదివాను. ఇయర్‌ఫోన్ మార్చాను, డాక్టర్ గారూ. నిజంగానే సగం వాల్యూమ్ సరిపోతోంది.

ఆదివారం పొద్దున వంటింట్లో స్పీకర్ పెట్టి బిగ్ డే కమింగ్ మొదటిది వేశాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఏడు నిమిషాలూ అయ్యాక వెంటనే రెండోది పెట్టాను. గిటార్ మొదలవగానే అమ్మ తల ఎత్తింది. ఆపమంటుందనుకున్నాను. కాసేపు వింటూ ఉండి, చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఇందాకటి పాటే కదే ఇది" అంది. అమ్మకి ఒక్క ఇంగ్లీషు మాట తెలియదు, పాట పేరు నేను చెప్పలేదు. ఆమె రాగం పట్టుకుంది. నాకే రెండోసారి వింటే గానీ కలవలేదు.

నాలుగో తీగ గారూ, లవ్‌లెస్‌లో ఒక్క పాట విన్నాను, మీరు చెప్పినట్టు గొంతు పట్టుకుని. మధ్యలో రెండుసార్లు చెయ్యి జారింది. మళ్లీ వింటాను.

దక్షిణ ద్వీపం గారూ, టాలీ హో మాత్రం ఇప్పటికి ఓ ముప్పై సార్లు అయ్యుంటుంది. ఆ ఆర్గాన్ ఎవరు వాయించారు? ది క్లీన్ ముగ్గురిలో ఎవరి పేరు పక్కనా ఆర్గాన్ అని కనపడలేదు నాకు.

దక్షిణ ద్వీపం

మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

ఆర్గాన్ వాయించింది మార్టిన్ ఫిలిప్స్, అదే ఊరి కుర్రాడు, అప్పటికి ఇంకా టీనేజే. ఆయన సొంత బ్యాండు పేరు ది చిల్స్. మీరు తర్వాత వినాల్సింది వాళ్లనే, నేను ముందే రాయాల్సింది. వాళ్ల పింక్ ఫ్రాస్ట్ పాట 1982లో రికార్డ్ అయింది, బయటికి వచ్చింది 1984లో. ఆ మధ్యలో అందులో డ్రమ్స్ వాయించిన మార్టిన్ బుల్ లుకేమియాతో చనిపోయాడు. పాటని అతనికే అంకితం ఇచ్చారు. అందులో మోత లేదు, గిటార్ సన్నగా, చలిలో వేళ్లు కొంకర్లు పోయినట్టు ఉంటుంది, డ్రమ్ము దాని వెనకాలే మెల్లగా నడుస్తుంది.

బుల్ తన లెదర్ జాకెట్‌ని ఫిలిప్స్‌కి వదిలి వెళ్లాడు. 1986లో ఫిలిప్స్ ఆ జాకెట్ మీదే పాట కట్టాడు, ఐ లవ్ మై లెదర్ జాకెట్. ఇందులో మాత్రం గిటార్ గరగరలాడుతుంది, గెంతుతుంది. సంగతి తెలియకుండా వింటే కుర్రాళ్ల హుషారు పాటే అనుకుంటారు. నేనూ నాలుగేళ్లు అలాగే విన్నాను.

ఫిలిప్స్ 2024 జులైలో పోయాడు. నేనిప్పుడు ఉంటున్నది ఆక్లాండ్‌లో. ఆ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక సింకులో గిన్నెలు కడుగుతూ టాలీ హో పెట్టుకున్నాను.

ముందు పింక్ ఫ్రాస్ట్ వినండి, తర్వాతే జాకెట్ పాట.